కార్యాలయాల పార్కింగ్‌లో విద్యుత్ వాహనాల చార్జింగ్: వంతు ఎవరిది?

కార్యాలయాల ఆవరణల్లో విద్యుత్ వాహనాల సంఖ్య పెరుగుతున్న కొద్దీ ఒక కొత్త చిక్కు ముందుకు వస్తున్నది. చార్జింగ్ పాయింట్లు రెండో మూడో ఉంటాయి. వాహనాలు పదో పన్నెండో వస్తాయి. ఉదయం ముందుగా వచ్చినవారు కేబుల్ తగిలించి విధుల్లోకి వెళ్తారు. మధ్యాహ్నానికే బ్యాటరీ నిండినా ఆ కారు సాయంత్రం దాకా అక్కడే నిలిచి ఉంటుంది. తరువాత వచ్చినవారికి చోటు దొరకదు. పాయింట్లు చాలడం లేదన్న ఫిర్యాదు యాజమాన్యానికి చేరుతుంది. చాలాచోట్ల అసలు కొరత విద్యుత్తుది కాదు, పాయింట్లది కూడా పూర్తిగా కాదు. వాటిని పంచుకునే ఏర్పాటు లేకపోవడమే కొరత.

మన దేశంలో ఈ విషయమై నిబంధనలు 2018 నుంచి రూపుదిద్దుకుంటున్నాయి. వాహనాన్ని చార్జ్ చేయడం సేవ కిందికి వస్తుందని, అది విద్యుత్ విక్రయం కాదని, కాబట్టి 2003 విద్యుత్ చట్టం కింద లైసెన్సు అక్కరలేదని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ ఆ ఏడాది ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. 2019 ఫిబ్రవరిలో కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2016 నాటి నమూనా భవన నిబంధనలను సవరించింది. పార్కింగ్ సామర్థ్యంలో 20 శాతానికి చార్జింగ్ వసతి ఉండాలన్నది అందులోని ప్రధానాంశం. పాయింట్లన్నీ ఏకకాలంలో పనిచేస్తాయని భావించి, దానికి 1.25 భద్రతా గుణకం కలిపి అదనపు లోడ్ సమకూర్చుకోవాలని కూడా అందులో ఉంది. ఇవి నమూనా నిబంధనలు. రాష్ట్రాలు స్వీకరించినప్పుడే అమలులోకి వస్తాయి. ఢిల్లీ ప్రభుత్వం 2021 మార్చిలో, 100కు మించి వాహనాలు నిలిపే వాణిజ్య, సంస్థాగత భవనాల్లో 5 శాతం స్థలాన్ని చార్జింగ్ వసతితో కేటాయించాలని ఆదేశించింది. కేంద్రం 2024 సెప్టెంబరులో వెలువరించిన మార్గదర్శకాల పరిధిలోకి కార్యాలయాలు, విద్యాసంస్థలు, ఆసుపత్రుల పార్కింగ్ స్థలాలు కూడా వచ్చాయి.

స్థలం ఎంత, లోడ్ ఎంత, భద్రత ఎలా అన్నది ఈ నిబంధనలు చెబుతాయి. ఒకరి తరువాత మరొకరికి వంతు ఎలా రావాలన్నది మాత్రం కార్యాలయమే తేల్చుకోవలసిన విషయం.

లెక్క ఏమి చెబుతున్నది?

నగరంలో రోజుకు రానుపోను 40 కిలోమీటర్లు తిరిగే ఉద్యోగి కారుకు సుమారు 6 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. 3.3 కిలోవాట్ల సాధారణ పాయింటు దీనిని రెండు గంటల్లో భర్తీ చేయగలదు. ఎనిమిది గంటల పనిదినంలో ఆ ఒక్క పాయింటు 26 యూనిట్లు ఇస్తుంది. అంటే నలుగురి అవసరం తీరుతుంది. ఆచరణలో ఒకరిద్దరికి మించి దక్కడం లేదంటే కారణం వేగం తక్కువ కావడం కాదు, నిండిన కారు కదలకపోవడం. ఈ లెక్క చూడకుండా చాలా సంస్థలు ఫాస్ట్ చార్జర్ కావాలంటున్నాయి. పెట్రోలు బంకులో వాహనం నిమిషాల్లో వెళ్లిపోవాలి. కార్యాలయంలో వాహనం ఎలాగూ సాయంత్రం దాకా ఆగి ఉంటుంది. ఇక్కడ కావలసింది నెమ్మదిగా పనిచేసే పాయింట్లు ఎక్కువగా ఉండటం.

ఎక్కువ పాయింట్లు పెడితే లోడ్ పెరగదా అన్న సందేహం సహజం. 7.4 కిలోవాట్ల పాయింట్లు 20 పెట్టి, అన్నీ ఒకేసారి పూర్తి వేగంతో నడిపితే 148 కిలోవాట్లు కావాలి. ఉదయం తొమ్మిదిన్నర, పది గంటల వేళ ఉద్యోగులందరూ ఒక్కసారిగా కేబుళ్లు తగిలిస్తే, ఏసీలు, లిఫ్టులతో పాటు ఇది కూడా కలిసి గరిష్ఠ డిమాండ్ ఒప్పందపు పరిమితిని దాటుతుంది. నెల మొత్తంలో కొద్దిసేపు దాటినా బిల్లులో ఆ భారం కనిపిస్తుంది. లోడ్‌ను పంచే పద్ధతి దీనికి పరిష్కారం. చార్జర్లన్నింటినీ ఒక నియంత్రణ వ్యవస్థకు కలిపి, మొత్తం మీద 30 కిలోవాట్లకు మించరాదని పరిమితి పెట్టవచ్చు. ఏసీ చార్జింగ్‌లో ప్రమాణాల ప్రకారం కనీస కరెంటు 6 ఆంపియర్లు. సింగిల్ ఫేజ్‌లో ఇది దాదాపు 1.4 కిలోవాట్లు. అంటే 20 కార్లకూ కనీస వేగంతో ఒకేసారి సరఫరా ఇచ్చినా 28 కిలోవాట్లు దాటదు. ఎనిమిది గంటల్లో ఒక్కో కారుకు 11 యూనిట్లు అందుతాయి. నష్టాలు పోయినా రోజువారీ అవసరానికి సరిపోగా ఇంకా మిగులుతుంది. ఎవరూ మధ్యాహ్నం కిందికి దిగి కారు తీయనక్కరలేదు, వంతుల తగాదా కూడా ఉండదు. ఇందుకోసం చార్జర్లు కొనేటప్పుడే అవి ఓసీపీపీ వంటి బహిరంగ ప్రమాణంతో పనిచేస్తాయో లేదో అడిగి తెలుసుకోవాలి. లేకపోతే ఒక తయారీదారు చార్జరు మరొకరి నియంత్రణ వ్యవస్థకు లొంగదు.

పాయింట్లు తక్కువగా ఉన్నంత కాలం

అంతటి ఏర్పాటు అన్ని సంస్థలకూ వెంటనే సాధ్యం కాదు. రెండు మూడు పాయింట్లతో నెట్టుకురావలసిన చోట రోజును రెండుగా విభజించడం అన్నింటికంటే సులువైన పద్ధతి. ఉదయపు వంతు భోజన విరామంతో ముగుస్తుంది, రెండవ వంతు అప్పుడు మొదలవుతుంది. ఎలాగూ సీటు వదిలే సమయం కాబట్టి కారు మార్చడం భారం అనిపించదు. గంట గంటకూ మార్చాలనే నియమాలు కాగితం మీద బాగుంటాయి. సమావేశంలో ఉన్న ఉద్యోగి లేచి రాలేడు. స్తంభాన్ని నాలుగు పార్కింగ్ గడుల మధ్యలో నిలబెడితే కారును కదపకుండా కేబుల్‌ను మాత్రమే మార్చుకోవచ్చు. అయితే టైప్-2 కనెక్టరు చాలా కార్లలో లాక్ అయి ఉంటుంది, యజమాని తీస్తే తప్ప రాదు. చార్జింగ్ పూర్తికాగానే లాక్ విడిపోయే సౌకర్యం కొన్ని కార్లలో ఉంది. ఏదేమైనా, ఇతరుల కారు కేబుల్‌ను అనుమతి లేకుండా తీయరాదన్న నియమం లిఖితంగా ఉండాలి.

నిండిన తరువాత కూడా చోటు వదలని వాహనానికి రుసుము వేయవచ్చు. టెస్లా సంస్థ 2016 డిసెంబరులోనే తన ఫాస్ట్ చార్జింగ్ కేంద్రాల్లో ఈ పద్ధతి ప్రవేశపెట్టింది. కార్యాలయాల్లో కొంత గడువు ఇచ్చి ఆ తరువాతే వసూలు చేయడం సబబు. ఈ నియమాన్ని అమలుచేసే బాధ్యతను గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు మీద పెట్టకూడదు. జనరల్ మేనేజరు గారిని కారు తీయమని అతడు అడగలేడు, అడగమనడం న్యాయమూ కాదు. ఆ పని యాప్ చేయాలి, లేదా భవన నిర్వహణ విభాగపు అధికారి చేయాలి.

ఉచితంగా ఇస్తే వరుస ఇంకా పెరుగుతుంది. ఇంట్లో చార్జింగ్ వసతి ఉన్నవారు కూడా కార్యాలయానికే వస్తారు. అసలు అవసరం ఉన్నవారు అప్పుడు వెనుకబడతారు. పాత కాలనీల్లో వీధిలో కారు నిలిపేవారికి, అపార్టుమెంటు సంఘం అనుమతి దొరకనివారికి కార్యాలయమే ఆధారం. ఉద్యోగులను చేరవేసే అద్దె క్యాబుల డ్రైవర్ల సంగతి మరీ ముఖ్యం. బ్యాటరీలో మిగిలినదాన్ని బట్టే వారి ఆ రోజు ట్రిప్పులు, సంపాదన. నియమాలు రాసే కమిటీలో సాధారణంగా కార్లున్న అధికారులే ఉంటారు. స్కూటర్ల మీద వచ్చే కిందిస్థాయి సిబ్బంది, డ్రైవర్లు అందులో కనిపించరు. వారిలో ఒక్కరైనా ఉంటే ప్రాధాన్యక్రమం వేరుగా ఉంటుంది.

పగటి చార్జింగ్‌కు మరో ప్రయోజనం ఉంది. సౌర విద్యుత్తు లభ్యత పగలే ఎక్కువ. వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2023లో చేసిన సవరణ ప్రకారం సౌర గంటల్లో టారిఫ్ సాధారణం కంటే కనీసం 20 శాతం తక్కువగా ఉండాలి. 10 కిలోవాట్లకు మించిన డిమాండ్ గల వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు దీని అమలు తేదీ 2024 ఏప్రిల్ 1. చార్జింగ్ కేంద్రాలకిచ్చే విద్యుత్తుకు ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు సగటు సరఫరా వ్యయంలో 0.7 వంతు, మిగతా వేళల్లో 1.3 రెట్లు వసూలు చేయాలని 2024 మార్గదర్శకాలు సూచించాయి. సాయంత్రం ఇంటికి వెళ్లి, అందరూ లైట్లు, ఏసీలు వేసే వేళ చార్జింగ్ పెట్టడం కంటే కార్యాలయంలో పగలు పెట్టడం గ్రిడ్‌కు మేలు.

ద్విచక్ర వాహనాల విషయంలో భద్రతే ముందు చూడాలి. కొన్ని స్కూటర్ల బ్యాటరీని విడదీసి పైకి తీసుకువెళ్లవచ్చు. పార్కింగ్‌లో సాకెట్ లేకపోతే ఉద్యోగులు దానిని బల్ల కింద, మెట్ల పక్కన చార్జింగ్ పెడతారు. ఇది ప్రమాదకరం. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల విక్రయశాల ఉన్న హోటల్ భవనంలో మంటలు చెలరేగి 8 మంది మరణించారు. పొగ మెట్ల మార్గాన్ని కమ్మేస్తే పై అంతస్తులవారికి దారి ఉండదు. నిషేధం ఒక్కటే చాలదు. కింద గాలి ఆడే చోట, మెట్లకు దూరంగా, 16 ఆంపియర్ల సాకెట్లు వరుసగా అమర్చితే పైకి మోసుకుపోయే అవసరమే రాదు. ప్రతి సాకెట్‌కూ 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే సరఫరా నిలిపివేసే ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ తప్పనిసరి. ఎక్స్‌టెన్షన్ బోర్డులను అనుమతించరాదు.

భవనపు లోడ్‌లో మిగులు లేనివారు చార్జింగ్ కోసం ప్రత్యేక కనెక్షన్ తీసుకోవచ్చు. 2024 ఫిబ్రవరిలో సవరించిన నిబంధనల ప్రకారం, దరఖాస్తు అన్ని విధాలా పూర్తిగా ఉంటే మహానగరాల్లో 3 రోజుల్లో, ఇతర పురపాలక ప్రాంతాల్లో 7 రోజుల్లో, గ్రామీణ ప్రాంతాల్లో 15 రోజుల్లో డిస్కమ్ కొత్త కనెక్షన్ ఇవ్వాలి. కొత్త లైన్లు, సబ్‌స్టేషన్ అవసరమైన చోట ఇంతకంటే ఎక్కువ వ్యవధి పడుతుంది.