ఆరు చుక్కల చదువు

రేడియో ఎదుట కూర్చున్నవారిలో చూపు కలవాడు, చూపు లేనివాడు అనే భేదము లేదు. పాట ఇద్దరికీ ఒకటే. వార్త ఇద్దరికీ ఒకటే. పుస్తకము ఎదుట అట్లు కాదు. ఐరోపాలో అచ్చుయంత్రము పుట్టి మూడు శతాబ్దములు గడచిన తరువాత కూడా అంధబాలునికి పుస్తకమంటే నునుపైన కాగితముల కట్ట మాత్రమే. ఆ కాగితములకు అతని వ్రేళ్ళతో మాటలాడే శక్తి ఎట్లు వచ్చినదో, అది తెచ్చినవారెవరో, దానిని అడ్డగించినది బడిలోని పెద్దలే ఎందుకైనారో ఈ ప్రసంగములో మనవి చేస్తాము.

కథ పారిస్ నగరములో మొదలవుతుంది. పదమూడవ శతాబ్దములో తొమ్మిదవ లూయీ రాజు 300 మంది అంధుల కొరకు అక్కడ ఒక ఆశ్రమము నెలకొల్పినాడు. అందులో అన్నము దొరికినది, నీడ దొరికినది. చదువు ఊసు లేదు. 1771లో ఆ నగరపు సంతలో ఒక వినోదము పెట్టినారు. ఆశ్రమములోని అంధులకు కొందరికి వింత టోపీలు పెట్టి, అట్టతో చేసిన పెద్ద కళ్ళజోళ్ళు తగిలించి, ఎదుట సంగీతపు కాగితములు నిలిపి, చేతికి వాయిద్యములిచ్చి అపస్వరములు వాయింపజేసినారు. జనము విరగబడి నవ్వినది. ఆ నవ్వులో కలియలేకపోయినవాడు వాలెంటిన్ అవీ. పలు భాషలు నేర్చి, అనువాదములు చేసి జీవించే విద్వాంసుడు. వీరికి అక్షరము నేర్పితే ఈ అవమానము ఉండదు కదా అని అతనికి ఆనాడు తోచినది.

తోచడము వేరు, చేయడము వేరు. నడుమ పదమూడు సంవత్సరములు పట్టినది. 1784లో వియన్నా నుండి మరియా తెరేజియా ఫాన్ పారడిస్ అనే అంధ గాయని పారిస్‌కు కచేరీలు చేయడానికి వచ్చినది. ఆమె పియానో వాదనము రాజాస్థానములలో పేరు పొందినది. చూపు లేనివారు నేర్వగలరనడానికి అవీకి ఆమె కంటె ప్రత్యక్ష ప్రమాణము అక్కరలేకపోయినది. ఆ సంవత్సరమే చర్చి వాకిట బిచ్చమెత్తుతూ ఉండిన ఫ్రాన్స్వా లెస్యూర్ అనే కుర్రవానిని చేరదీసినాడు. ఇక్కడ ఒక చిన్న విషయము గమనింపదగినది. ఆ కుర్రవాడు ముష్టికి పోకపోతే ఇంట గడవదు. కనుక నీవు చదువుకో, బిచ్చములో వచ్చే సొమ్ము నేనిస్తాను అని అవీ ఒప్పందము చేసుకొన్నాడు. బీదబాలుని బడికి రప్పింపదలచిన ఏ ప్రభుత్వమైనా నేటికీ మొదట తేల్చుకోవలసిన లెక్క ఇదే.

1785లో అవీ పాఠశాల తెరిచినాడు. మరుసటి సంవత్సరము విద్యార్థులు వెర్సాయి రాజభవనములో రాజు ఎదుట చదివి చూపినారు. 1791లో, విప్లవము నడుమ, ఆ బడి జాతీయ సంస్థ అయినది. అవీ పద్ధతి ఏమిటంటే, పెద్ద పెద్ద అచ్చు అక్షరముల మీద తడి కాగితము ఒత్తి, ఆ అక్షరముల ఆకారము కాగితము మీద ఉబ్బేటట్లు చేయడము. విద్యార్థి వ్రేలితో ఆ గీతల వెంట నడచి, ఇది ఆ అక్షరము, ఇది ఈ అక్షరము అని గుర్తు పడతాడు. లోకము నివ్వెరపోయినది. నివ్వెరపోదగిన పనే.

అయితే అందులో ఒక లోపము దాగి ఉన్నది. ఆ అక్షరములు కంటి కొరకు పుట్టినవి. ఒంపులు, గుండ్రములు, సన్నని గీతలు కంటికి ఒక్క రెప్పపాటులో అందుతాయి. వ్రేలు వాటిని ఒక్కొక్కటిగా తడిమి పోల్చుకోవలెను. మాట చివరకు చేరేసరికి మొదటి అక్షరము మరపున పడుతుంది. పుస్తకములు మోయలేనంత బరువు, వెల అధికము, కనుక మిక్కిలి కొద్ది. పైగా, ఆ పద్ధతిలో పిల్లవాడు చదువగలడు గాని వ్రాయలేడు. వ్రాత లేని చదువు సగము చదువే. ఇంత జరిగినా ఆ పద్ధతి దశాబ్దముల తరబడి ఎందుకు నిలిచినదంటే, తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఆ పుస్తకమును తెరచి తాను కూడా చదువగలిగినాడు. అతనికి అది చాలు.

1819లో ఆ బడికి పది సంవత్సరముల బాలుడొకడు వచ్చినాడు. పారిస్‌కు తూర్పున ఉన్న కూవ్రే గ్రామములో గుర్రపు జీనులు కుట్టే పనివాని కొడుకు. మూడేళ్ళ వయసున తండ్రి పనిశాలలో ఆరె వంటి వాడి పనిముట్టుతో ఆడుకొంటూ ఉండగా కంటికి గాయమైనది. అది చీము పట్టి రెండవ కంటికి కూడా సోకి, ఐదేళ్ళకు చూపు పూర్తిగా పోయినది. ఊరి గురువు అతనిని చూపున్న పిల్లలతో కలిపి కూర్చోబెట్టి, చెవితో విన్నంత నేర్పించినాడు. ఆ బాలుడే లూయీ బ్రెయిలీ. పారిస్ బడి అప్పుడు సేన్ నదికి సమీపమున ఒక పాత, చెమ్మ పట్టిన కట్టడములో ఉండేది. అక్కడి పిల్లలను వ్యాధులు వదలలేదు. 1838లో కవి లామర్తీన్ ఆ కట్టడమును చూచి వచ్చి శాసనసభలో గట్టిగా మాటలాడినాడు. అప్పటికే బ్రెయిలీకి క్షయ పట్టి కొన్ని సంవత్సరములైనది.

1821లో చార్లెస్ బార్బియే అనే మాజీ సైనికాధికారి తాను కనిపెట్టిన వ్రాతను ఆ బడికి తెచ్చి చూపినాడు. చీకటిలో సైనికులు ఉత్తరువులు చదువుకోవడానికే దానిని కల్పించినాడని చాలా పుస్తకములు చెబుతాయి గాని, బడి ముఖము చూడని సామాన్యులకు సులభమైన వ్రాత కావలెననేదే అతని విశాలమైన ఆశయము. గీతలకు బదులు అతడు ఉబ్బు చుక్కలు పెట్టినాడు. అసలు మలుపు ఇదే. గీతను వ్రేలు వెదకికొనవలెను. చుక్క వ్రేలికి తానే తగులుతుంది. అయితే బార్బియే గుర్తులు శబ్దములకే గాని అక్షరములకు కావు. అందులో వర్ణక్రమము లేదు, విరామ చిహ్నము లేదు, అంకె లేదు. ఒక్కొక్క గుర్తుకు రెండు నిలువు వరుసలు, వరుసకు ఆరేసి వరకు, అంతా కలిసి పన్నెండు చుక్కల వరకు పోతుంది. వ్రేలికొన క్రింద అది ఇమడదు.

దీనిని సరిచేసినవాడు విద్వాంసుడు కాడు, విద్యార్థి. పదిహేనేళ్ళు వచ్చేసరికి, అంటే 1824 నాటికి, బ్రెయిలీ ఆ పన్నెండును ఆరుకు కుదించినాడు. రెండు నిలువు వరుసలు, వరుసకు మూడు చుక్కలు. ఆ ఆరింటిలో ఏవి ఉబ్బి ఉన్నవి, ఏవి లేవు అనే దానిని బట్టి 63 గుర్తులు ఏర్పడతాయి. అక్షరములకు, అంకెలకు, విరామములకు అవి చాలును. స్వరములకు కూడా చాలును. బ్రెయిలీ చర్చిలో ఆర్గన్ వాయించేవాడు కనుక సంగీతమును మరువలేదు. అన్నిటికంటె ముఖ్యము, ఆ గుర్తు మొత్తము వ్రేలికొన క్రింద ఒకేసారి అందుతుంది. ఒక పలక, ఒక మొన ఉన్న సాధనము ఉంటే పిల్లవాడు తానే వ్రాసుకోగలడు. మన తాతలు తాటాకు మీద గంటముతో వ్రాసిన వ్రాతకు ఇది దూరపు చుట్టము వంటిది. వారి గంటము ఆకును గీరేది. ఇది కాగితమును వెనుకనుండి పొడుస్తుంది.

1829లో బ్రెయిలీ తన పద్ధతిని వివరిస్తూ పుస్తకము వెలువరించినాడు. విచిత్రమేమంటే ఆ పుస్తకమును ముద్రించినది పాత ఉబ్బు అక్షరములలోనే. 1833 నాటికి అతడు అదే బడిలో ఉపాధ్యాయుడు. పిల్లలు ఆ చుక్కలను పట్టుకొని వదలలేదు. పాఠములు వ్రాసుకొన్నారు, పాటలు వ్రాసుకొన్నారు, ఒకరికొకరు ఉత్తరములు వ్రాసుకొన్నారు. అధ్యక్షుడు పిన్యే ప్రోత్సహించినాడు. 1840లో పిన్యే పోయి దుఫో ఆ స్థానమునకు వచ్చినాడు. అతడు చుక్కలను తరగతి నుండి తొలగించి, బ్రిటన్‌లో వాడే ఉబ్బు అక్షరములను తెప్పించినాడు.

దుఫోను దుష్టునిగా చిత్రించే కథలు అనేకము. ఆ కథలతో మేము ఏకీభవించలేము. అతని వాదములో సారము ఉన్నది. అంధులకు వేరే లిపి పెడితే వారిది వేరే లోకమవుతుంది. తల్లి వ్రాసిన ఉత్తరము కొడుకు చదువలేడు, కొడుకు వ్రాసినది తల్లి చదువలేదు. బడి వారిని సమాజములో కలపడానికా, వేరు చేయడానికా అని అతని ప్రశ్న. ప్రత్యేక విద్య అనే మాట వచ్చిన ప్రతిచోట ఈ ప్రశ్న నేటికీ లేస్తూనే ఉన్నది. అయితే సమాధానము బ్రెయిలీ అప్పటికే ఇచ్చి ఉన్నాడు. 1839లోనే అతడు మరొక పద్ధతి ప్రకటించినాడు. అందులో అంధుడు చుక్కలను కూర్చి మామూలు అక్షరముల ఆకారమునే పొడిచి వ్రాస్తాడు. కన్నున్నవాడు దానిని సులభముగా చదువుకొంటాడు. తరువాత పియర్ ఫూకో అనే మరొక అంధుడు దానికి ఒక యంత్రము కూడా చేసినాడు. ఇంటికి ఉత్తరము వ్రాయడానికి ఒకటి, తన చదువుకు ఒకటి. చూపున్నవారితో కలియడానికి బిడ్డ తన చదువును మానుకొనవలసిన పని లేదని దీని భావము.

పిల్లలు మాత్రము తరగతి వెలుపల చుక్కలు మానలేదు. 1844లో బడి క్రొత్త కట్టడము ప్రారంభోత్సవమున, దుఫోకు సహాయకుడైన గాదే, సభ ఎదుట బ్రెయిలీ పద్ధతిని ప్రశంసించి దానిని ప్రదర్శింపజేసినాడు. దుఫో మనసు మార్చుకొన్నాడు. ఇది అతనికి గౌరవమే. 1852 జనవరి 6న, 43 ఏళ్ళ ప్రాయములో బ్రెయిలీ క్షయతో మరణించినాడు. ఫ్రాన్సు ఆ లిపిని అధికారముగా స్వీకరించినది 1854లో. అతని అస్థికలను దేశములోని మహనీయుల సమాధిమందిరమైన పాంథియన్‌కు చేర్చినది 1952లో.

అమెరికాలో తగవు మరొక రీతిగా నడచినది. అక్కడ చుక్కలా గీతలా అనే తగవుతో పాటు ఏ చుక్కలు అనే తగవు కూడా పుట్టి, ఒక్కొక్క బడి ఒక్కొక్క పద్ధతి పట్టుకొన్నది. ఒక ఊరి బడిలో నేర్చినవాడు మరొక ఊరి పుస్తకము చదువలేడు. ఆంగ్లమునకు అట్లాంటిక్ ఇరువైపుల ఒకే లిపి కుదిరేసరికి 1932 వచ్చినది.

మన దేశములో కూడా ఇదే తిప్పలు. 1887లో అమృతసరములో ఆనీ షార్ప్ అనే క్రైస్తవ మతప్రచారిణి అంధుల బడి తెరిచినది. అది తరువాత డెహ్రాడూన్ దగ్గరి రాజ్‌పూర్‌కు తరలినది. మన మద్రాసు రాజధానిలో, తిరునెల్వేలి చెంత పాళయంకోటలో, 1890లో మరొక బడి వెలసినది. 1897లో కలకత్తాలో లాల్ బిహారీ షా మరొకటి స్థాపించినాడు. బడులు వచ్చినవి, వాటితో పాటు లిపులూ వచ్చినవి. ఎవరికి తోచినట్లు వారు ఆరు చుక్కలను మన అక్షరములకు పంచినారు. ఒకే భాషకు సైతము రెండు మూడు పద్ధతులు. పుస్తకమే కరవైన చోట, ఉన్న పుస్తకము కూడా పక్క బడిలో పనికి రాదు!

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, 1949లో, భారత ప్రభుత్వము ఈ చిక్కు తీర్చుమని యునెస్కోకు వ్రాసినది. న్యూజీలాండు దేశీయుడు, మొదటి ప్రపంచ యుద్ధములో చూపు కోల్పోయిన సర్ క్లూతా మెకంజీ ఆ పనికి పూనుకొన్నాడు. 1950లో పారిస్‌లోను, 1951లో బీరూట్‌లోను సభలు జరిగినవి. దాని ఫలముగా 1951లో భారతీ బ్రెయిలీ ఏర్పడినది. దీని సూత్రము చక్కనిది. మన భాషలలో చాలావాటికి వర్ణమాల దాదాపు ఒకటే కనుక, ఒక ధ్వనికి ఏ భాషలోనైనా ఒకే గుర్తు. తెలుగు క, హిందీ క, తమిళ క అన్నీ ఒకటే గుర్తు. ఆంగ్లములో కె అనే అక్షరమునకు ఉన్నదీ అదే. మన బిడ్డలు హిందీ నేర్వడానికి ఒక లిపి, తమిళము నేర్వడానికి ఇంకొక లిపి దిద్దవలెను. ఈ పని లేనివాడు దేశములో అంధ విద్యార్థి ఒక్కడే.

గుణింతము కూడా సులభము. ఇందులో గుడి, కొమ్ము తలకట్టు మీదికి ఎక్కవు. హల్లు ప్రక్కన అచ్చు వచ్చి కూర్చుంటుంది. కి అనడానికి మొదట క, తరువాత ఇ. తెలుగు అనే మాటకు త, ఎ, ల, ఉ, గ, ఉ అని ఆరు గళ్ళు. పలక మీద వ్రాయునపుడు కాగితమును వెనుకనుండి పొడుస్తారు గనుక కుడినుండి ఎడమకు వ్రాయవలెను. కాగితము త్రిప్పితే ఎడమనుండి చదువ వచ్చును. క్రొత్తగా చేరిన పిల్లలు దీనికి కొన్ని వారములు తికమక పడతారు. తరువాత వారి వేగము చూచి గురువులు తికమక పడతారు.

ఇప్పుడు మరొక వాదము వినబడుతున్నది. పాఠములు శబ్దరూపములో దొరకుతున్నవి, కంప్యూటరు పుస్తకమును చదివి వినిపిస్తున్నది, ఇక బ్రెయిలీ ఎందుకు అని. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము బ్రెయిలీ వచ్చిన ఉపాధ్యాయులను తయారు చేసి నియమింపవలెనని, నిర్ణీత వైకల్యము గల విద్యార్థులకు పద్దెనిమిదేళ్ళ వరకు పుస్తకములు, సాధనములు ఉచితముగా ఇవ్వవలెనని చెబుతున్నది. చట్టము ఉన్నా, సాధారణ బడిలో బ్రెయిలీ చెప్పే గురువు లేనప్పుడు వినికిడి పాఠముతో సరిపెట్టడము ఖర్చు తక్కువ పని. శబ్దమునే నమ్ముకొని బ్రతికే మేము ఈ మాట అనడము వింతగా తోచవచ్చును గాని, వినడము చదవడము కాదు. శాఖ, శాకము అని మేము ఎంత శ్రద్ధగా పలికినా ఒత్తు ఎక్కడున్నదో పిల్లవానికి చెవితో నిశ్చయముగా తెలియదు. శ, ష, స ల నడుమ భేదము మనలో ఎందరి నాలుక మీద నిలిచి ఉన్నది? ఖ గుర్తు వేరు, క గుర్తు వేరు. వ్రేలు దానిని పోల్చుకొంటుంది. పరీక్షలో తప్పు లేకుండ వ్రాయవలసినది ఆ పిల్లవాడే. ఊరి బడికి ఒక పలక, ఒక మొన, దానిని పట్టుకొనుట నేర్పగల ఒక గురువు వస్తే ఆ పని సాగుతుంది. పలక వెల స్వల్పము. దొరకవలసినది గురువు.