హైడ్రాలిక్ క్లచ్

హైడ్రాలిక్ క్లచ్ అనగా డ్రైవరు పెడలుపై మోపిన బలమును కేబుల్ ద్వారా కాక, గొట్టములోని ద్రవము ద్వారా క్లచ్‌కు చేరవేయు వ్యవస్థ. మూసియున్న ద్రవముపై కలిగించిన పీడనము అన్ని దిశలకూ సమానముగా వ్యాపించునని 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ తెలిపిన సూత్రమే దీనికి ఆధారము.

పనిచేయు విధానము

పెడలును తొక్కినపుడు మాస్టర్ సిలిండరులోని పిస్టను ద్రవమును గొట్టములోనికి నెట్టును. ఆ పీడనమునకు గేరుబాక్సు వద్దనున్న స్లేవ్ సిలిండరు పిస్టను కదలి, రిలీజ్ బేరింగును నెట్టి, ప్రెషర్ ప్లేటు పట్టును వదిలించును. అప్పుడు ఇంజను శక్తి గేరుబాక్సునకు చేరదు. మాస్టర్ పిస్టను వైశాల్యము 2 చదరపు సెం.మీ., స్లేవ్ పిస్టను వైశాల్యము 4 చదరపు సెం.మీ. అయినచో బలము రెట్టింపగును, కదలిక సగమగును. ద్రవము దాదాపుగా నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోవును. కనుక గొట్టములో గాలిబుడగ చేరినచో పెడలు కదలిక వృథాయై, క్లచ్ పూర్తిగా విడువదు.

లోప లక్షణములు

* పెడలు మెత్తబడుట, లేదా నేలకు అంటి పైకి రాకుండుట
* గేరు మార్చునపుడు కరకరమను శబ్దము వచ్చుట
* డబ్బాలో ద్రవము తగ్గుట

పెడలు మొదట తడి కనిపించిన మాస్టర్ సిలిండరును, గేరుబాక్సు వద్ద కనిపించిన స్లేవ్ సిలిండరును అనుమానించవలెను. రెండింటి రబ్బరు సీళ్ళు సాధారణముగా ఒకే కాలము అరిగియుండును గనుక రెండింటినీ కలిపి మార్చుట మేలు.

మార్చు విధానము

# కారును సమతలముపై నిలిపి, చక్రములకు అడ్డు పెట్టి, జాకీపైననే వదలక స్టాండ్లపై నిలుపవలెను.
# డబ్బాలోని పాత ద్రవమును తోడివేసి, గొట్టమును విప్పవలెను.
# పాత సిలిండర్లను తీసి, కొత్తవానిని బిగించి, గొట్టమును కలుపవలెను. స్లేవ్ సిలిండరు స్థానములో కూర్చొనక మునుపు పెడలును తొక్కినచో పిస్టను బయటికి ఊడిపోవచ్చును.
# కొత్త ద్రవము పోసి, గాలిని తీయవలెను. ఒకరు పెడలును తొక్కి పట్టియుండగా మరొకరు బ్లీడింగ్ నిపిల్‌ను వదులు చేసి, ద్రవము వెలువడిన పిదప బిగించవలెను. ఆ తరువాతనే పెడలును వదలవలెను. బుడగలు ఆగువరకు ఇట్లు చేయుచు, డబ్బా ఖాళీ కాకుండ చూడవలెను.

కొన్ని కార్లలో స్లేవ్ సిలిండరు గేరుబాక్సు షాఫ్టు చుట్టూ లోపలనే ఉండును. అట్టివానికి గేరుబాక్సును దించక తప్పదు. కనుక అరిగిన క్లచ్ ప్లేటును కూడ అప్పుడే మార్చుదురు.

జాగ్రత్తలు

ఎక్కువ కార్లలో డాట్ 3 లేదా డాట్ 4 రకపు బ్రేకు ఆయిలునే వాడుదురు. ఇది గాలిలోని తేమను పీల్చుకొనును, కారు రంగును చెరచును. కొన్ని కార్లకు ఖనిజ తైలము అవసరము. ఒకదానికి బదులు మరొకటి పోసినచో రబ్బరు సీళ్ళు చెడిపోవును. అనేక కార్లలో బ్రేకులకు, క్లచ్‌కు ఒకే డబ్బా ఉండును. అట్టివానిలో ఈ పొరపాటు బ్రేకులను కూడ దెబ్బతీయును. అందుచేత పని ముగిసిన పిదప కారును కదల్చక మునుపే క్లచ్‌తోపాటు బ్రేకు పెడలును కూడ తొక్కి పరీక్షించవలెను.