బీమార్‌ను అడిగారా?

ఎర్రగుంట్ల స్టేషన్‌లో మా ఖాలాను రేణిగుంట వైపు రైలు ఎక్కించినప్పుడు ఆమెకు చెప్పిన మాట ఒకటే: కడుపులో పుండు, పెద్దాసుపత్రిలో చూపించుకొని వద్దాం. క్యాన్సర్ అని, అప్పటికే లివర్ దాకా పాకిందని ఖాలూకు తెలుసు, కొడుకులకు తెలుసు, నాకు తెలుసు. అంతా ఆమె మీది మొహబ్బత్‌తోనే దాచాం. కీమోకు సంతకం కూడా పెద్దకొడుకే పెట్టాడు.

ఇట్లా దాచడం మన ఖాందాన్ల రివాజ్ అనీ, బీమార్‌కు చెప్పి మర్జీ అడగడం ఫిరంగీల పద్ధతి అనీ మనవాళ్లు అంటుంటారు. మన తారీఖ్ మాత్రం అట్లా చెప్పదు.

హిజ్రీ 11, అంటే క్రీ.శ. 632. మదీనాలో హజ్రత్ ఆయిషా (ర) ఇంట్లో హుజూర్ (స) ఆఖరి బీమారీతో ఉన్నారు. ఇంట్లోవాళ్లు ఆయనకు లదూద్ పట్టారు. లదూద్ అంటే నోటి పక్కనుంచి దవా పోయడం, మనం పసిబిడ్డలకు ఉగ్గుగిన్నెతో పోసినట్టు. వద్దని ఆయన సైగ చేశారు. బీమార్లకు దవా అంటే ఎప్పుడూ అయిష్టమే కదా అనుకొని పోసేశారు. తెలివి వచ్చాక ఆయన, వద్దన్నాను కదా అని అడిగి, ఇంట్లో ఉన్న అందరికీ తన కళ్లముందే లదూద్ పట్టించారు. హజ్రత్ అబ్బాస్ (ర) ఒక్కరినే వదిలారు, ఆ వేళ ఆయన అక్కడ లేరు గనక. సహీ బుఖారీలో ఉన్న రివాయత్ ఇది. అక్కడ దుష్మన్లు ఎవరూ లేరు, అందరూ ఘర్‌వాలే. అయినా ఆయన ఊరుకోలేదు.

పన్నెండేళ్ల తర్వాత, 644లో, ఖలీఫా ఉమర్ (ర) ను నమాజులో కత్తితో పొడిచారు. తబీబ్ పాలు తాగిస్తే అవి గాయంలోంచి బయటికొచ్చాయి. ఇక వసియ్యత్ చేసుకోండని అతను ముఖం మీదే చెప్పాడు. ఇంకోలా చెప్పుంటే నిన్ను అబద్ధాలకోరు అనేవాణ్ణి అన్నారు ఉమర్. మిగిలిన ఆ కాస్త టైంలో ఆయన తన అప్పుల లెక్క చూడమన్నారు, తర్వాతి ఖలీఫాను ఎంచడానికి ఆరుగురి పేర్లు చెప్పారు, తన సాథీల పక్కన దఫన్‌కు ఇజాజత్ అడగమని కొడుకును ఆయిషా (ర) దగ్గరికి పంపారు. ఏం కాదులే అని చెప్పుంటే వీటిలో ఎన్ని జరిగేవి?

ఇక మన దగ్గరికొద్దాం. హైదరాబాద్‌లో 1955లో మొదలైన సర్కారీ క్యాన్సర్ ఆసుపత్రికి మెహదీ నవాజ్ జంగ్ పేరుంది. తర్వాత గుజరాత్‌కు తొలి గవర్నర్ అయినాయన. మనవాళ్లకు ఎంఎన్‌జే అంటే తెలుస్తుంది. 2006 ప్రాంతంలో అక్కడ పాలియేటివ్ కేర్ మొదలైంది: నయం కాని దశలో నొప్పి తగ్గించి, మనిషిని మనిషిగా చూసుకునే ఖిద్మత్. ఇందులో పెద్ద భారం నర్సులదే. సున్నా నుంచి పది లోపల నొప్పి ఎంతుందో బీమార్‌నే అడిగి రాసుకుంటారు. పక్కన కూర్చున్న కొడుకు ఆ నంబర్ చెప్పలేడు.

2018 మార్చి 9న సుప్రీంకోర్టు, యంత్రాల మీద ప్రాణం సాగదీయొద్దని ముందే రాసిపెట్టుకునే హక్కు మనిషికి ఉందని తీర్పు చెప్పింది. 2023లో దాన్ని సులువు చేసింది. ఇద్దరు సాక్షులతో, నోటరీ ముందైనా, గెజిటెడ్ ఆఫీసర్ ముందైనా సంతకం చేస్తే చాలు. ఖుద్‌కుషీకి ఇజాజత్ కాదిది, రెండూ కలిపి ఫత్వాలు పలికేవాళ్లు తీర్పు చదవలేదు.

అందరికీ అంతా చెప్పి తీరాలనీ కాదు. కొందరు బీమార్లు నాకొద్దు, మా అబ్బాయికి చెప్పండి అంటారు. అదీ వాళ్ల మర్జీయే. అడగాలి, అంతే.

మా ఖాలాను అడిగింది ఒక మలయాళీ సిస్టర్. మమ్మల్ని బయటికి పంపి, మీ బీమారీ గురించి ఎంత తెలుసుకోవాలనుంది, ఎవరికి చెప్పమంటారు అనింది. తర్వాత లోపలికి పిలిస్తే ఖాలా నవ్వుతా ఉంది. "ఎర్రగుంట్లలోనే తెలుసురా నాకు. మీ ఖాలూ నలభై ఏళ్లలో ఒక్కసారన్నా నా సంచి మోసినాడా? ఆ పొద్దు మోసినాడు."

కీమో ఇక వద్దనింది. గాజులు ఏ బిడ్డకు ఏవో చెప్పింది. ప్రొద్దుటూరులో ఉన్న చెల్లెలితో ఆమెకు ఏళ్లుగా మాటల్లేవు. ఫోన్ కలపమనింది. చిన్న ఖాలా జుమ్మా రోజు వచ్చింది, మళ్లీ ప్రొద్దుటూరుకు పోయింది చాలీస్వాఁ అయినాకనే.