బల్ల మీద కాజీపేట జంక్షన్

మడికొండలో మేడ మీది గది. కిటికీలోంచి మెట్టుగుట్ట కనిపిస్తోంది. కాజీపేట వైపు ఏదో గూడ్సు హారన్ కొడుతోంది. మీ ముందున్న రైలు మాత్రం వేరు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ బల్ల. దాని మీద చుట్టూ తిరిగొచ్చే పట్టాలు. చేతిలో కంట్రోలర్, నాబ్ మీద మీ బొటనవేలు. తిప్పేస్తారా?

ఆగండి. మోకాళ్ల మీద కూర్చుని కన్ను పట్టాల ఎత్తుకు దించండి. ఎదురుగా డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్. కాజీపేట డీజిల్ షెడ్డు చూసినవాళ్లకు కొత్త కాదు. అసలుది 17 మీటర్ల పైచిలుకు. ఇది దానిలో 87వ వంతు, 20 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. ఎత్తి తిరగేయండి. ముందు మూడు, వెనక మూడు, మొత్తం ఆరు ఇరుసులు. మూడింట్లో మధ్యదాన్ని గోటితో పక్కకు నెట్టండి. కాస్త కదిలింది కదా? ఆ సందు కావాలనే ఉంచుతారు. మూడూ బిగుసుకుని ఉంటే వంకర పట్టా మీద ఇమడవు. చక్రం అంచు పట్టాను ఒరుసుకుంటూ పైకెక్కుతుంది. ఎక్కిందంటే అవతలికి దిగుతుంది.

ఇప్పుడు తిప్పండి. మెల్లగా.

ఇంజిన్ ఒక్కటే మలుపులోకి వెళ్తోంది. మలుపు వ్యాసార్ధం 18 అంగుళాలు, అంటే 45.7 సెంటీమీటర్లు. ముక్కు పట్టాలు దాటి బయటికి పొడుచుకొచ్చింది. నడుము లోపలికి జరిగింది. చిన్న గరగర. దాటేసింది!

మీకు ధైర్యం వచ్చింది. వెనక నీలం రంగు ఐసీఎఫ్ పాసింజరు పెట్టెలు మూడు తగిలిస్తారు. గోడకు ఆనుకుని కూర్చున్న పెద్దబాపు లేస్తాడు. షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి.

“ఇంజిన్ సరే బిడ్డా, డబ్బ పొడుగు చూసినవా?”

చూడలేదు. స్కేలు పెట్టండి. ఇరవైఐదున్నర సెంటీమీటర్లు. ఇంజిన్ కంటే పెట్టే పొడవు. మోడల్ రైళ్లవాళ్లు పాటించే లెక్క ఒకటుంది. బండిలో అన్నిటికంటే పొడవైనది ఏదో చూడాలి. మలుపు వ్యాసార్ధం దానికి రెండింతలుంటే అనుమానమే. రెండున్నర ఇంతలుంటే చాలామటుకు నడుస్తుంది. మూడింతలుంటే నిశ్చింత. మీ మలుపు రెండింతలు కూడా లేదు. ఇంజిన్ వచ్చిన అట్టపెట్టె మీద రాసిన కనీస వ్యాసార్ధం ఇంజిన్‌కే వర్తిస్తుంది. హార్న్‌బీ కంపెనీ పెద్ద మోడల్ ఇంజిన్లు చాలావాటికి రెండో వ్యాసార్ధం, 438 మిల్లీమీటర్లు, అని ఉంటుంది. దాని వెనక మీరేం తగిలిస్తారో కంపెనీకేం తెలుసు?

మరి అసలు రైలు ఎలా తిరుగుతోంది? మన బ్రాడ్‌గేజ్‌లో మలుపుకు పది డిగ్రీలే హద్దు, అంటే 175 మీటర్ల వ్యాసార్ధం. దాన్ని 87తో భాగించండి, రెండు మీటర్లు. అంత మలుపు సగం వృత్తం తిరగాలంటే ఈ గదే చాలదు. మీరు వేసిన 18 అంగుళాలు అసలు లోకంలో 40 మీటర్లు. ఏ డ్రైవరూ అందులోకి బండి పెట్టడు.

పట్టాల అట్టపెట్టెలో 22 అంగుళాల వ్యాసార్ధం పట్టాలు కూడా ఉన్నాయి. మారుస్తారా? మారిస్తే లెక్క రెండింతలు దాటుతుంది. కానీ పట్టాల మధ్య నుంచి బల్ల అంచుకు అయిదు సెంటీమీటర్లే మిగులుతాయి. ఆ అంచు దాటితే మూడడుగుల కింద గచ్చు. పెద్దబాపు ఏమీ అనడు. పాత బొంత తెచ్చి బల్ల కింద పరుస్తాడు.

మార్చేశారు. బండి కదిలింది. మూడు పెట్టెలూ మలుపు తిరిగి వచ్చాయి. పర్వాలేదు.

ఇక మీ కన్ను బల్లార్షా లైను మీద పడింది. 1929లో ఆ లైను పూర్తయ్యాకే ఢిల్లీ–మద్రాసు దారి కాజీపేట మీదుగా కలిసింది. బల్ల మీద దాన్ని ఓ పాయగా చీల్చారు. చోటు చాలక కుడికి తిప్పిన వెంటనే ఎడమకు తిప్పారు. మధ్యలో తిన్నటి పట్టా ముక్కే లేదు. బండిని ఆ పాయలోకి వెనక్కి నెట్టాలి.

“గుంజితే పోతది. నూకితే చెప్పలేం.”

నాబ్ తిప్పారు. వెనక్కి.

చివరి పెట్టె పాయలోకి దిగింది. రెండోది దిగాలి. ఒకటి కుడికి చూస్తోంది. ఇంకొకటి ఎడమకు. మధ్యలో కప్లింగ్ అడ్డంగా మెలిపడింది. ట్రాక్టర్ ట్రాలీని వెనక్కి తోలినట్టే ఉంది. మూల పైకి లేచింది. చక్రం ఎక్కింది. ఆపండి! వేలు జారింది. ఒరిగింది. అంచు. పడింది.

బొంత మీదే పడింది. వంగిన కప్లింగ్ తప్ప ఏమీ కాలేదు. కానీ పాఠం ఉచితంగా రాలేదు. ఎదురెదురు మలుపుల మధ్య కనీసం ఒక పెట్టె పొడవంత తిన్నటి పట్టా వేయాలి. లేదంటే ఇంజిన్ ఎంత ఖరీదైనదైనా లాభం లేదు.

ఇప్పుడేం చేస్తారు? నన్నడిగితే 18 అంగుళాల మలుపే మళ్లీ వేయండి, అంచుకు చోటు మిగులుతుంది. పాసింజరు పెట్టెలు తీసేయండి. సింగరేణి బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ 10.7 మీటర్లే. బల్ల మీద 12 సెంటీమీటర్ల పైచిలుకు. దానికి ఈ మలుపు మూడున్నర ఇంతల పైనే. డబ్ల్యూడీఎం-2 వెనక బొగ్గు గూడ్సు కట్టండి. ఐసీఎఫ్ పెట్టెలు నడపాలని ఉంటే బల్ల మానేసి, గోడల వెంట పట్టా వేసుకునేంత గది చూసుకోండి.