నుమాయిష్‌లో కూరగాయల మిషను, ఈ3లో ట్రైలరు

నాంపల్లి ఎగ్జిబిషన్‌కి నాలుగుసార్లు వెళ్ళొచ్చిన ఏ ఇంట్లో వెతికినా అటక మీద ఒక ప్లాస్టిక్ కూరగాయల కట్టరు దొరుకుతుంది. స్టాల్లో ఉన్నతను క్యారెట్ పెట్టి ఇలా అంటే అలా పువ్వులు రాలాయి. బీట్‌రూట్, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, దేన్నీ వదల్లేదు. ఇంటికొచ్చాక అదే మిషను దోసకాయ ముక్క కూడా సరిగ్గా కొయ్యదు. మరి అతను అబద్ధం చెప్పాడా? లేదు. కోసింది నిజమే, మన కళ్ళముందే కోసింది. కాకపోతే అప్పుడు అది అతని చేతిలో ఉంది.

వీడియో గేముల కంపెనీలు ఏటా పెట్టే పెద్ద పెద్ద ప్రదర్శనలు, వాటిని చూసి గేమర్లు ఎగిరి గంతెయ్యడం, ఏడాది తిరక్కుండానే తిట్టుకోవడం... ఈ చరిత్రంతా నాకు ఆ కూరగాయల మిషను కథలాగే కనిపిస్తుంది. "అబ్బ, మళ్ళీ ఊదరగొడుతున్నార్రా" అని విసుక్కునేవాడూ, అర్ధరాత్రి దాటాక అలారం పెట్టుకుని లేచి ఆ ప్రదర్శన చూసేవాడూ చాలాసార్లు ఒక్కడే. ఎందుకలా అన్నదే ఇక్కడ విషయం.

ముందు మన నాంపల్లి సంగతి. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టభద్రుల సంఘంవాళ్ళు హైదరాబాద్ సంస్థానంలో ఒక ఆర్థిక సర్వే చేద్దామనుకున్నారు. దానికి డబ్బు కావాలి. స్థానికంగా తయారయ్యే వస్తువులతో ఒక ప్రదర్శన పెడదామన్న ఆలోచన అలా పుట్టింది. పబ్లిక్ గార్డెన్స్‌లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించిన ఆ ప్రదర్శన పేరు 'నుమాయిష్ మస్నూఆతె ముల్కీ'. ముల్కీ అంటే ఈ దేశానివి, మస్నూఆత్ అంటే తయారైన సరుకులు. పేరులోనే ఉంది చూడండి: చూపించేది తయారైన సరుకుని, తయారు కాబోయేదాన్ని కాదు. 1946లో ఇప్పుడున్న ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి మారింది. ఆ తర్వాత రెండేళ్ళు జరగలేదు. 1949లో గవర్నర్ జనరల్ రాజాజీ చేతుల మీదుగా మళ్ళీ మొదలై అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అయింది. జనానికి మాత్రం ఇప్పటికీ అది నుమాయిషే.

అక్కడ టికెట్టు కొన్న ఎవరైనా చీర అంచు నలిపి చూడొచ్చు, శాలువా మడత విప్పించొచ్చు, చెప్పిన ధరలో సగానికి అడగొచ్చు. మోసపోవడం అక్కడా ఉంది, కాదనను. కానీ చేత్తో పట్టుకుని చూసే అవకాశం కూడా ఉంది.

అక్కణ్ణుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఆబిడ్స్. 2005 ప్రాంతంలో నాలాంటి పిల్లలకి వీడియో గేమంటే టీవీకి తగిలించే డబ్బా, దాంట్లో గుచ్చే క్యాసెట్టు. ఆ క్యాసెట్టు మీద '9999 ఇన్ 1' అని ఉండేది. లోపల ఉన్నవి పది, పన్నెండు ఆటలు. మిగతావన్నీ అవే ఆటలు, వేరే వేరే పేర్లతో, కాస్త వేరే లెవెల్లో మొదలయ్యేవి. నేతి బీరకాయలో నెయ్యిలాగా అన్నమాట. అందుకే తెలిసినవాళ్ళు డబ్బులు తీసేముందు "లగాకే దిఖావో భాయ్" అనేవాళ్ళు. అంటే కౌంటర్ మీదున్న టీవీకి పెట్టి చూపించమని. గేమర్ల అనుమానం అన్నది నేను మొదట చూసింది అక్కడే. అది నిరాశ కాదు, బేరంలో భాగం. ఆట కావాలి కాబట్టే అనుమానం. వద్దనుకునేవాడికి అనుమానం దేనికి?

ఇప్పుడు అమెరికా వెళ్దాం. 1995 ముందు గేముల కంపెనీలకి సొంత పండగ లేదు. కన్స్యూమర్ ఎలక్ట్రానిక్స్ షోలో టీవీలూ టేప్‌రికార్డర్ల మధ్య ఒదిగి ఉండేవాళ్ళు. 1995 మేలో లాస్ ఏంజెలెస్‌లో ఈ3 మొదలైంది. మొదటి ఏడాదే సినిమా సీనొకటి జరిగింది. సెగావాళ్ళు తమ శాటర్న్ ఇవాళ్టి నుంచే షాపుల్లో ఉంది, ధర 399 డాలర్లు అని ప్రకటించారు. ఆ తర్వాత సోనీ తరఫున స్టీవ్ రేస్ వేదికెక్కి ఒకే ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు: 299. అది ప్లేస్టేషన్ ధర. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లకి అర్థముంది, ఎందుకంటే ధర అన్నది రేపు షాపుకెళ్ళి తేల్చుకోగలిగే నిజం.

అయితే ఒక తేడా గమనించండి. ఈ3 వ్యాపారులకీ పత్రికలవాళ్ళకీ పెట్టిన సంత. మామూలు జనానికి బహిరంగంగా టికెట్లు అమ్మింది 2017లోనే, అదీ 15 వేలు. అన్నేళ్ళూ మనబోటివాళ్ళకి అందింది పత్రికల్లో ఫోటోలు, తర్వాత ఇంటర్నెట్‌లో వీడియోలు. అంటే నుమాయిష్ గోడ బయట నిలబడి లోపలి లైట్లు చూడటంలాంటిది.

చెయ్యి తగలని చోట తెర ఏమైనా చెయ్యగలదు. 2005లో సోనీ ప్లేస్టేషన్ 3 కోసమని కిల్‌జోన్ కొత్త ఆట వీడియో చూపించింది. చూసినవాళ్ళకి మతిపోయింది. తీరా అది ఆటలోంచి తీసింది కాదు, ముందుగా తయారుచేసి పెట్టుకున్న యానిమేషన్ అని తేలింది. ఆదివారాల్లో ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల మధ్య అప్పటి గేమింగ్ పత్రికలు దొరికేవి. పదేళ్ళ తర్వాత తీరిగ్గా ఆ ప్రివ్యూలు చదవడం మంచి విద్య. ప్రతి ఆటా ప్రపంచాన్ని మార్చేసేదే! వాటిలో ఎన్ని వచ్చాయో, ఎలా వచ్చాయో మనకి ముందే తెలుసు :)

2006లో సోనీ మళ్ళీ ఇరుక్కుంది. ప్రాచీన జపాన్‌లో నిజంగా జరిగిన యుద్ధాల ఆధారంగా తీశామని చెప్పిన ఆటలో ఉన్నట్టుండి కొండంత పీత ఒకటి ఊడిపడింది. దానికితోడు ప్లేస్టేషన్ 3 పెద్ద మోడల్ ధర 599 డాలర్లన్నారు. గేమర్లు ఆ రెండిటినీ కలిపి ఏళ్ళ తరబడి నవ్వుకున్నారు. 2012లో యూబీసాఫ్ట్ చూపించిన వాచ్ డాగ్స్ 2014లో చేతికొచ్చేసరికి వెలుగూ వానా అన్నీ వెలిసిపోయాయని గొడవ. 2017లో నింటెండో మెట్రాయిడ్ ప్రైమ్ 4 అని ఒక పేరు, ఒక అంకె మాత్రం చూపించింది. 2019లో పని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టామని చెప్పి, 2025 డిసెంబర్‌లో విడుదల చేసింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి? సైబర్‌పంక్ 2077 కథ మరీ దారుణం. 2018, 2019ల్లో ఈ3ని ఊపేసిన ఆట, 2020 డిసెంబర్‌లో విడుదలైన వారం రోజులకే సోనీ తన ఆన్‌లైన్ స్టోర్‌లోంచి తీసేసి డబ్బులు వాపసిచ్చింది.

ఇదంతా మోసమేనా అంటే, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే మనకి ఆ మాట అంత తేలిగ్గా రాదు. క్లయింట్ డెమో అంటే ఏమిటో మనకి తెలుసు. ముందే తయారుచేసిన డేటా, ముందే అనుకున్న దారి, ఆ బటన్ తప్ప ఇంకోటి నొక్కొద్దని ప్రెజెంటర్‌కి చెప్పి ఉంచడం. గేముల్లో దీన్ని వర్టికల్ స్లైస్ అంటారు. కేకు మొత్తం కాలకముందే ఒక్క ముక్కని మాత్రం క్రీముతో సహా పూర్తిచేసి చూపించడమన్నమాట. ఆ ముక్క నిజమే. కానీ దాన్నిబట్టి మిగతా కేకు కూడా సిద్ధంగా ఉందనుకుంటాం, అక్కడే పప్పులో కాలేస్తాం. క్లయింట్‌కి కనీసం టెస్టింగ్ టీమ్ ఉంటుంది, ఒప్పందం ఉంటుంది. ముందే డబ్బుకట్టి ఆట బుక్ చేసుకున్న కుర్రాడికి ఏముంది?

ఉన్నది ఒక్కటే, ఆ అనుమానం. దాని బలం 2013లో తెలిసింది. మైక్రోసాఫ్ట్ తన కొత్త ఎక్స్‌బాక్స్‌లో పాత డిస్కులు అమ్ముకోవడం మీద, ఇంకొకరికి ఇవ్వడం మీద ఆంక్షలు పెట్టబోయింది. పాత డిస్కు ఇచ్చి, పైన కొంత కట్టి ఇంకోటి తెచ్చుకునే మనలాంటి ఊళ్ళలో ఆ మాట ఎలా వినిపిస్తుందో చెప్పక్కర్లేదు. సోనీ ఆ జూన్‌లో అర నిమిషం కూడా లేని వీడియో ఒకటి వదిలింది: ఒకాయన ఇంకొకాయనకి డిస్కు డబ్బా అందిస్తాడు, ఆయన థాంక్స్ చెప్తాడు, అంతే. ప్రపంచం మొత్తం పగలబడి నవ్వింది. పది రోజులు తిరక్కుండా, జూన్ 19న, మైక్రోసాఫ్ట్ ఆంక్షలు వెనక్కి తీసుకుంది. ఎగతాళి ఊరికే పోలేదు.

కానీ అనుమానమే జ్ఞానం అనుకుంటే అదీ పొరపాటే. నో మ్యాన్స్ స్కై 2016లో వచ్చినప్పుడు చెప్పినవి చాలా లేవని దుమ్మెత్తిపోశారు. న్యాయమే. ఆ చిన్న కంపెనీ మారుమాట్లాడకుండా ఏళ్ళ తరబడి ఉచితంగా అప్‌డేట్లు ఇస్తూ, చెప్పినవీ చెప్పనివీ కలిపి కట్టింది. ఒకసారి తిట్టి మళ్ళీ తెరిచి చూడనివాడికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. లగాకే దిఖావో అన్నవాడు, పెట్టి చూపించాక చూడాలి కదా!

ఈ3 చివరిసారి జనం మధ్య జరిగింది 2019లో. 2023 డిసెంబర్ 12న శాశ్వతంగా మూసేస్తున్నామని ప్రకటించారు. అప్పటికే నింటెండో డైరెక్ట్, సోనీ స్టేట్ ఆఫ్ ప్లే లాంటి సొంత వీడియో కార్యక్రమాలు ఆ చోటు ఆక్రమించాయి. ఉన్న కాస్త బల్లా పోయి తెర ఒక్కటే మిగిలిందని బాధపడొచ్చు. అయితే ఇంకోపక్క పాత పద్ధతి కూడా తిరిగొచ్చింది. 1993లో డూమ్ మొదటి భాగాన్ని ఉచితంగా పంచి, నచ్చితే మిగతాది కొనుక్కోమన్నారు. ఆ ధోరణే ఇప్పుడు స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్‌లో వందల డెమోలుగా కనిపిస్తోంది. 2015 నుంచి స్టీమ్‌లో కొన్న రెండు వారాల్లోపు, రెండు గంటలకి మించి ఆడకపోతే, డబ్బు వాపసు. ఆబిడ్స్ కౌంటర్ మీది టీవీకి ఇంతకన్నా దగ్గరి చుట్టం ఉండదు.

అంచేత ఉత్సాహాన్ని చంపుకోనక్కర్లేదు. ట్రైలర్ చూసి కేకలు వెయ్యడంలో తప్పేం లేదు, సినిమా పోస్టర్ చూసి వెయ్యమా? ఒక్క ప్రశ్న మాత్రం అడగండి: ఇప్పుడు ఈ కంట్రోలర్ ఎవరి చేతిలో ఉంది? వాళ్ళ చేతిలో ఉన్నంతసేపు చప్పట్లు కొట్టండి, జేబులో చెయ్యి పెట్టకండి. 2024లో హైదరాబాద్‌లోనే, హెచ్‌ఐసీసీలో గేమ్ డెవలపర్ల సమావేశం జరిగింది. అలాంటి చోట్ల చిన్న చిన్న టీములు లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, ఆడి చూడండన్నా అని కంట్రోలర్ అందిస్తాయి. వాళ్ళ దగ్గర లేజర్ లైట్లుండవు, హాలీవుడ్ హీరోలుండరు. సరుకు మాత్రం బల్ల మీదే ఉంటుంది. అలాంటివాళ్ళు కనబడితే పది నిమిషాలు కూర్చుని ఆడండి, ఎక్కడ విసుగొచ్చిందో మొహమాటం లేకుండా చెప్పండి. వాళ్ళకి కావలసింది అదే.