వ్రేలిముద్ర మొదలు యంత్రముద్ర వరకు



గ్రామపెద్దలైన మీకు పంచనామా క్రొత్తది కాదు. దొంగతనము జరిగినను, కొట్లాట జరిగినను పోలీసువారు మిమ్ము పంచులుగా పిలిచి, దొరకిన వస్తువును చూపి, కాగితముపై మీ చేవ్రాలు పుచ్చుకొందురు. ఆ వస్తువు కఱ్ఱయో కత్తియో అయినచో మీ కన్నులు చాలును. నేడు తఱచుగా ఆ వస్తువు సెల్‌ఫోను. దానిలోని సాక్ష్యము కంటికి కనబడదు. అట్టి సాక్ష్యమును పట్టుట మనవారెట్లు నేర్చుకొనిరో, దాని నెంతవరకు నమ్మవచ్చునో మనవి చేసెదను.

ఈ విద్యకు పునాది మన దేశమందే పడినది. 1858లో వంగదేశములోని జంగీపూరున విలియం హెర్షెల్ అను ఆంగ్లాధికారి, రోడ్డుకు కంకర తోలు గుత్తెదారునిచే కరారునామాపై అరచేతిముద్ర వేయించెను. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. ముద్రలను వర్గములుగా విభజించు పద్ధతిని కూర్చుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను మనవారి కృషి గొప్పది. ఆ కాలముననే జల్పాయిగురిలో నొక తేయాకుతోట మేనేజరు హత్య చేయబడెను. అచ్చటి పంచాంగముపై నెత్తుటి బొటనవ్రేలిముద్ర దొరకెను. అది పూర్వము శిక్షపడిన యొక నౌకరు ముద్రతో సరిపోయెను. న్యాయస్థానము వానిని దొంగతనమునకు శిక్షించెను గాని, ఆ ఒక్క ముద్రను పట్టుకొని హత్యానేరము మోపుటకు ఒప్పుకొనలేదు. ఈ జాగరూకత మనము మరువరానిది.

నేను అబ్దుల్లాపూర్‌మెట్ వాడను. 2016 వరకు మాది హయత్‌నగర్ మండలము. ఆ యేట వేరు మండలమైనది. మా ఊరినుండి విజయవాడ రహదారి వెంట పట్టణమువైపు సాగి, ఎల్బీనగరు, దిలుసుఖ్‌నగరు దాటి ఉత్తరముగా పోయినచో రామంతాపూరు వచ్చును. పోలీసులకు దర్యాప్తు నేర్పుటకై 1964లో స్థాపింపబడిన కేంద్ర డిటెక్టివ్ శిక్షణ సంస్థయు, కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలయు అచ్చటనే యున్నవి.

ఈ విద్యలో మొదటి పాఠమొక్కటే: మూలమును ముట్టరాదు. కంప్యూటరులోని హార్డుడిస్కును, చదువుటకే గాని వ్రాయుటకు వీలులేని అడ్డుపరికరముతో కలిపి, నకలు తీసి, ఆ నకలునే పరీక్షింతురు. మూలమునకును నకలునకును గణితసూత్రముచే ఒక్కొక్క గుర్తు కట్టుదురు. దీనిని హాష్ అందురు. షా-256 అను పద్ధతిలో నిది 64 అక్షరములు. లోపల నొక్క చుక్క మారినను గుర్తు మారిపోవును. ఇదియే యంత్రపు వ్రేలిముద్ర. ఈ గుర్తులకును కాలదోషము కలదు. 1992లో ప్రకటితమైన ఎం.డి.5 అను పద్ధతిలో రెండు వేరు దస్త్రములకు ఒకే గుర్తు కల్పింపవచ్చునని 2004లో చైనా పండితురాలు వాంగ్ షియావ్‌యున్ బృందము చూపెను.

చెరిపినది తిరిగి వచ్చునా యని అడుగుదురు. పాత హార్డుడిస్కులలో, చెరుపుట యనగా విషయసూచికలోని పేరు కొట్టివేయుట మాత్రమే. దానిపై క్రొత్తది వ్రాయబడువరకు పుట నిలిచియే యుండును. నేటి ఫోనులలో రహస్యలిపి యుండుటచే చెరిపినది పలుమారులు తిరిగి రాదు. యంత్రము సర్వజ్ఞము కాదు.

హైదరాబాదులోని సత్యం కంపెనీ మోసము 2009 జనవరిలో బయటపడెను. 2003 ఏప్రిలు మొదలు 2008 డిసెంబరు వరకు యంత్రపుపద్దులో నున్న 74,625 బిల్లులలో 7,561 మఱుగుపఱుపబడినట్లు దర్యాప్తులో తేలెను. 2015 ఏప్రిలులో ప్రత్యేక న్యాయస్థానము పదిమందికి శిక్ష విధించెను. దానిపై అప్పీళ్లు దాఖలైనవి.

చట్టమును దీనితోపాటు నడిచెను. 2000 సంవత్సరపు చట్టముచే యంత్రసాక్ష్యమునకు ధ్రువపత్రము అవసరమయ్యెను. కేరళ ఎన్నికల వ్యాజ్యములో ధ్రువపత్రము లేని సీడీలను సుప్రీంకోర్టు 2014లో త్రోసిపుచ్చెను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము హాష్‌గుర్తును ధ్రువపత్రములోనే వ్రాయుమనుచున్నది. సోదా, స్వాధీనములను వీడియో తీయవలెనని నాటినుండియే అమలైన మఱొక చట్టము శాసించుచున్నది.

కావున పెద్దలారా, ఫోనుపై పంచనామా వ్రాయునపుడు దాని 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య కాగితముపై కలదా, మీ ఎదుటనే సీలు వేసిరా, సంకేతములు సోకని సంచిలో నుంచిరా యని చూడుడు. చూడనిదానికి చేవ్రాలు చేయకుడు. మీ యింటిలోనే సొమ్ము మోసపోయినచో, వచ్చిన సందేశములను చెరుపక వెంటనే 1930కు ఫోను చేయుడు.

ఫోనులో మాట దొరకినంత మాత్రమున, దానిని వ్రాసిన చేయి ఎవరిదో తేలినట్లు కాదు. నాటి నెత్తుటిముద్ర ఒంటరిగా ఉరికంబమునకు దారి తీయలేదు. నేటి యంత్రముద్రకును తోడుసాక్ష్యము కావలెను. దోషి తప్పిపోరాదు, నిర్దోషి చిక్కుపడరాదు. ఈ రెంటికిని నడుమ మీ చేవ్రాలున్నది.