మట్టి పిసికే చదువు

బుధవారం పిల్లవాణ్ణి పాత బట్టలతో పంపమని మావాడి బడి నుంచి కాయితం వచ్చింది. మట్టి అంటుతుందట. వానపాముల్ని ముట్టుకోవడం ఇష్టంలేని పిల్లలుంటే ముందే చెప్పమని కింద ఇంకో ముక్క. కాలిఫోర్నియా వచ్చాక ఇంత వింత కాయితం చూడలేదు. ఫోన్లో చెప్తే కోడూరు నుంచి మా పిన్ని ఒక్కటే అడిగింది: "ఏమే, అంత దూరం పోయింది పిల్లాడి చేత మట్టి పిసికించడానికా?"

దివిసీమలో పుట్టిన వాళ్ళెవరైనా అదే అడుగుతారు. మనకి చదువంటే పొలం గట్టు దిగి అవనిగడ్డ బస్సెక్కడం. మార్కులు తగ్గితే "దున్నుకు బతుకుతావా?" అని దెప్పుతారు. బడిలో మొక్కలకి నీళ్ళు పొయ్యమన్నారంటే ఎవడో అల్లరి చేసినట్టే లెక్క. మరి ఈ దేశం తన పిల్లలకి ఏరికోరి పార ఎందుకిస్తోందని పుస్తకాలు తిరగేశాను.

విచిత్రమేమిటంటే ఇక్కడ బడితోట పట్నంలో మొదలైంది. హెన్రీ లింకన్ క్లాప్ అనే మాస్టారు యూరప్ వెళ్ళి అక్కడి బడితోటలు చూసొచ్చి, 1891లో బోస్టన్‌లోని రాక్స్‌బరీ పేటలో జార్జ్ పుట్నమ్ స్కూల్లో తోట వేయించాడు. 1902లో న్యూయార్క్ పేదల పేటలో ఫ్యానీ పార్సన్స్ అనే ఆవిడ పిల్లలకి తలా ఒక చిన్న మడి ఇచ్చింది. ఆవిడకి కూరగాయలు ఒక నెపం; పండించాల్సింది బుద్ధిమంతులైన పౌరుల్ని. ఓడలు దిగి వచ్చిన వలస కుటుంబాల పిల్లల్ని దారిలో పెట్టాలన్న బెంగ ఆనాటి పెద్దలది. ఇది చదివినప్పుడు నేనూ వలస వచ్చినదాన్నేనని గుర్తొచ్చి కొంచెం ఇబ్బందిగానే అనిపించింది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఏకంగా 'స్కూల్ గార్డెన్ ఆర్మీ' అనే పటాలమే కట్టారు. లక్షల మంది పిల్లలు నేల సైనికులైపోయారు. యుద్ధం అయిపోగానే డబ్బూ ఆగింది, ఆ ఉత్సాహమూ చల్లారింది. అవసరం పెద్దలది, చెమట పిల్లలది.

ఇప్పటి మోజుకి మూలం బర్కిలీ. అక్కడ షే పనీస్ అనే పేరుమోసిన హోటల్ నడిపే ఆలిస్ వాటర్స్ 1995లో ఒక మిడిల్ స్కూల్లో తారు పెకలించి ఎకరం నేలలో తోట మొదలుపెట్టించింది. దాని పేరు 'ఎడిబుల్ స్కూల్‌యార్డ్'. కూరగాయల కంటే ముందు ఆ నేలకి సత్తువ రావడానికి పచ్చిరొట్ట పైరు వేశారట. ఆ మాట చదవగానే నాకు మన జీలుగ చేలు కళ్ళకి కట్టాయి. మా తాతయ్య చిటికెడు మట్టి నాలిక్కి రాసుకుని చౌడు ఎంతుందో చెప్పేవాడు. 1977 ఉప్పెనలో సముద్రం పొలాల మీదికొచ్చిపోయాక ఆ నాలుక ఎంత ఉప్పు చూసిందో! వరి కోతకి ముందు పదునులో మినుము చల్లడానికి ఆయన తెల్లారుజామున వెళ్తుంటే, నన్ను మాత్రం చదువుకోమని ఇంట్లో కూర్చోబెట్టేవాళ్ళు. ఆయనకి తెలిసిన విద్యలో నాకు ఒక్క ముక్కా దక్కలేదు.

పిన్ని ప్రశ్న వెనకున్న బాధ నాకు అలబామా కథలో అర్థమైంది. బానిసత్వం పోయి ఇరవై ఏళ్ళు నిండకుండానే, 1881లో బుకర్ టి. వాషింగ్టన్ టస్కీగీలో నల్లజాతి పిల్లలకి బడి పెట్టాడు. అక్కడ విద్యార్థులే పొలం చెయ్యాలి, ఇటుకలు కొయ్యాలి. తల్లిదండ్రులు ఊరుకుంటారా? చదువుకి పంపితే పని చేయిస్తారేమిటని ఉత్తరాలు రాశారు, కొందరు స్వయంగా వచ్చి నిలదీశారు. ఆ సంగతి వాషింగ్టనే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. వాళ్ళంతా మా పిన్ని లాంటి వాళ్ళే. నిన్నటిదాకా ఇంకొకడి చేలో కట్టుబానిసగా వంగిన నడుము, బిడ్డ నడుమైనా నిటారుగా ఉండాలనుకోదూ?

మన దగ్గరా అంతే. 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపనితో చదువు చెప్పాలన్నారు; మన ఊళ్ళు ఆయనకి దండం పెట్టి పిల్లల్ని కాన్వెంటుకి పంపాయి. 2010లో కైట్లిన్ ఫ్లానగన్ 'ది అట్లాంటిక్' పత్రికలో బర్కిలీ తోటనే కడిగేసింది. చేలల్లో కూలి చేసే తండ్రి, కొడుకు బాగుపడతాడని బడికి పంపితే, అక్కడా వాడి చేత ఆకుకూరలు కోయిస్తారా అని ఆవిడ గొడవ. అది చదివి చాలాసేపు మావాడి బూట్లకున్న మట్టి వైపు చూడలేకపోయాను. మావాడికి అది బుధవారం ఆట. కూలివాడి బిడ్డకి తప్పించుకోవాలనుకున్న బతుకు.

అయినా నేను తోట పక్షమే. 2019లో మన కేంద్ర ప్రభుత్వం కూడా బడుల్లో పోషక తోటలు పెంచమని మార్గదర్శకాలు ఇచ్చింది. మధ్యాహ్న భోజనంలోకి నాలుగు గోంగూర మళ్ళు పెంచితే మంచిదే. కానీ ఆ పని శిక్ష కింద గానీ అయ్యగారి ఇంటికి వంకాయల కింద గానీ మారిందా, పిన్ని గెలిచినట్టే. అందుకని కోడూరు మాస్టార్లకి నాదొక మనవి. బిందెలు మోయించే ముందు ఒక మినుము మొక్క పీకి, దాని వేళ్ళకున్న బుడిపెలు పిల్లలకి చూపించండి. వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి పైరుకిస్తాయని చెప్పండి. చౌడు ఎందుకు పైకి తేలుతుందో, జీలుగ దున్నితే ఏమవుతుందో వాళ్ళ తాతల్నే అడిగి రాసుకురమ్మనండి. ఆ ప్రశ్నలే పరీక్షలో పది మార్కులకి ఇవ్వండి. మనవాళ్ళు బర్కిలీ పిల్లల కంటే బాగా రాస్తారు. పందెం!